నాలుగో దశ శుద్ధి: ఖర్చు ఎవరి నెత్తిన?

మామూలు శుద్ధి తర్వాత కూడా మురుగునీటిలో మిగిలిపోయే సూక్ష్మ రసాయనాలను తొలగించే ‘నాలుగో దశ శుద్ధి’కయ్యే ఖర్చులో సింహభాగాన్ని ఔషధ, సౌందర్య సాధనాల తయారీదారులే భరించాలన్న యూరోపియన్ యూనియన్ నిబంధనను సవాలు చేస్తూ 2025లో ఆ పరిశ్రమలు కోర్టుకెక్కడంతో పాత తగవు మళ్లీ రాజుకుంది. నదుల్లో మందుల ఆనవాళ్లు బయటపడిన వైనం చాలాసార్లు చెప్పుకున్నదే కాబట్టి దాన్ని ఇక్కడ తిరగదోడనక్కర్లేదు. నేటి పేచీకి బీజం పడింది స్విట్జర్లాండ్‌లో.

జలరక్షణ చట్టానికి ఆ దేశ పార్లమెంటు 2014లో ఆమోదించిన సవరణ 2016 నుంచి అమల్లోకి వచ్చింది. ఎంపిక చేసిన శుద్ధి కేంద్రాలు సూక్ష్మ కాలుష్యాల్లో 80 శాతాన్ని తొలగించాలన్నది దాని లక్ష్యం. నీటిలోని వేలాది రసాయనాలన్నింటినీ కొలవడం అయ్యే పని కాదు గనుక, డైక్లోఫెనాక్ (నొప్పి మందు), కార్బమజెపైన్ (మూర్ఛ మందు) వంటి 12 సూచిక పదార్థాలను ఎంచుకుని, కేంద్రంలోకి వచ్చే నీటిలో, బయటికి వెళ్లే నీటిలో వాటి పరిమాణాలకు మధ్య తేడానే కొలమానంగా పెట్టుకున్నారు. ఖర్చు విషయంలో మాత్రం తయారీదారుల జోలికి పోలేదు. శుద్ధి కేంద్రాలకు అనుసంధానమైన జనాభాపై తలకు ఏటా గరిష్ఠంగా 9 ఫ్రాంకుల చొప్పున రుసుము విధించి, కొత్త నిర్మాణాల వ్యయంలో 75 శాతాన్ని ఆ నిధి నుంచే ఇచ్చారు.

యూరోపియన్ యూనియన్ ఈ కొలిచే పద్ధతిని దాదాపుగా స్వీకరించి, చెల్లింపు పద్ధతిని వదిలేసింది. 2024 నవంబరు నాటి డైరెక్టివ్ (సభ్య దేశాలు తమ చట్టాల్లో చేర్చుకోవాల్సిన ఈయూ ఆదేశం) ప్రకారం లక్షన్నర లేదా అంతకు మించిన జనాభాకు సమానమైన భారం మోసే కేంద్రాలన్నీ 2045 నాటికి నాలుగో దశ శుద్ధిని సమకూర్చుకోవాలి. అందుకయ్యే వ్యయంలో కనీసం 80 శాతం ఔషధ, సౌందర్య సాధనాల పరిశ్రమలదే. మురుగులోని సూక్ష్మ కాలుష్యాల విషభారంలో 92 శాతం ఈ రెండింటిదేనన్నది యూరోపియన్ కమిషన్ అంచనా.

ఇతర రంగాలను వదిలేసి తమనే వేలెత్తి చూపడం అన్యాయమని, అసలు ఖర్చు అంచనాలకు మించుతుందని కంపెనీలు అంటున్నాయి. మొదటి అభ్యంతరాన్ని పూర్తిగా కొట్టిపారేయలేం. అయితే ఖర్చును తయారీదారులే భరించాలన్న శుద్ధి కేంద్రాలవారి మాటకు బరువు ఎక్కువ. కార్బమజెపైన్‌ను మామూలు జీవశుద్ధిలోని బాక్టీరియా దాదాపుగా తాకదు. అందుకే ఓజోన్ వాయువో, రసాయనాలను పట్టి ఉంచే యాక్టివేటెడ్ కార్బనో తప్పనిసరి. ఓజోన్ అణువులను విరగ్గొడుతుందే తప్ప పూర్తిగా మాయం చేయదు, ఆ శకలాల కోసం వెనుక ఇసుక వడపోత వంటి మరో అంచె పెట్టాలి. కార్బన్ వాడితే అది నిండిపోయినప్పుడల్లా మార్చాలి. కరెంటు, కార్బన్ ఖర్చులు ఏటేటా వచ్చిపడేవే. ఆ భారమంతా నీటి బిల్లులోకి చేరితే, త్వరగా క్షీణించే అణువును రూపొందించాల్సిన అవసరం తయారీదారుకు ఎందుకుంటుంది? అలాంటి పదార్థాలకు, ఏటా టన్నులోపు అమ్మేవారికి డైరెక్టివ్ మినహాయింపు ఇచ్చింది కూడా.

సభ్య దేశాలు 2027 జులై 31లోగా దీన్ని తమ చట్టాల్లోకి తేవాలి. నాలుగో దశ శుద్ధి ఏర్పాటుకు తొలి మైలురాయి 2033 చివర్లో. శుద్ధి కేంద్రాన్ని రూపొందించి కట్టడానికి ఏళ్లు పడుతుంది గనుక, తీర్పు ఎటు వచ్చినా టెండర్లు మాత్రం అంతవరకూ ఆగే వీల్లేదు.