టోపీ నా దగ్గర ఉంది

చిరంజీవులు చిన్నాకు, అమ్ములుకు, హనుమకొండలో ఉన్న బన్నీకి తాత ఆశీస్సులు.

చిన్నా, ముందు నీ టోపీ సంగతి చెబుతాను. దసరా నాడు రాత్రి బేస్‌బాల్ మ్యాచ్ అయిపోగానే నువ్వు దాన్ని వంటింటి చెత్తబుట్టలో పడేసి మెట్లెక్కి వెళ్లిపోయావు. నేను తీశాను. పులిహోర మెతుకులు అంటుకుని ఉంటే తడిగుడ్డతో తుడిచి మా ఇంటికి తెచ్చుకున్నాను. ఎర్ర ‘బి’ అక్షరం ఏమీ చెడలేదు. ఆ రాత్రి నువ్వు అన్నం కూడా తినలేదని మీ అమ్మ చెప్పింది. మర్నాడు బన్నీ ఫోన్ చేసి, “తాతా, అన్న ఎందుకు ఏడ్చాడు? అది క్రికెట్ కూడా కాదు కదా!” అన్నాడు. రెండు ముక్కల్లో తెమిలే సంగతి కాదు. అందుకే కూర్చుని రాస్తున్నాను. ముగ్గురూ చదవండి.

బన్నీ, బేస్‌బాల్ మన క్రికెట్‌కు దూరపు చుట్టం. బౌలర్‌ను ఇక్కడ పిచర్ అంటారు. బంతి నేలను తాకకుండా నేరుగా బ్యాటర్ దగ్గరికి వస్తుంది. బ్యాటర్ దాన్ని కొట్టి, మూడు బేస్‌లూ తాకుతూ చుట్టి వచ్చి బయల్దేరిన చోటికి చేరితే ఒక రన్. బంతి గోడ దాటి పడితే హోమ్ రన్. మన సిక్సర్ లాంటిదే, కాకపోతే అప్పటికే బేస్‌ల మీద నిలబడి ఉన్నవాళ్లంతా కూడా ఇంటికి వచ్చేస్తారు. ముగ్గురు ఔటైతే ఆ ఇన్నింగ్స్‌లో నీ వంతు అయిపోయినట్టే. ఒక్కో జట్టుకు అలాంటివి తొమ్మిది. మార్చి చివరి నుంచి సెప్టెంబర్ చివరి దాకా ఒక్కో జట్టు 162 మ్యాచ్‌లు ఆడుతుంది. అంటే దాదాపు రోజూ. ఆర్నెల్ల పాటు రోజూ సాయంత్రం ఇంటికొచ్చే మనిషి లాంటిది ఈ ఆట. అన్నం తింటూ, అంట్లు తోముకుంటూ, హోంవర్క్ చేసుకుంటూ వింటారు. ఈ ఏడాది, అంటే 2025లో, మా బోస్టన్ రెడ్‌సాక్స్ 89 గెలిచి 73 ఓడింది. ఆ 73 ఓటముల్లో ఒక్కదానికి కూడా మీ అన్న టోపీ విసిరేయలేదు.

తర్వాత ఓడిన రెండే వేరు. ఎందుకంటే అవి న్యూయార్క్ యాంకీస్ చేతిలో ఓడినవి. మూడింట రెండు గెలిస్తే పైకి వెళ్లే పోటీ. మూడూ న్యూయార్క్‌లోనే. మొదటిది మేం 3-1తో గెలిచాం. రెండోది 4-3తో వాళ్లది. దసరా నాటి మూడోది 4-0తో వాళ్లది. సీజన్ అక్కడితో ఆఖరు.

న్యూయార్క్ ఇక్కడికి కారులో నాలుగు గంటల దారి. ఈ రెండు జట్ల మధ్య పోరు మా నాన్న పుట్టకముందే మొదలైంది. 1918 నాటికి బోస్టన్ అయిదుసార్లు ప్రపంచ విజేత. యాంకీస్‌కు అప్పటికి ఒక్కటీ లేదు. అప్పుడు బోస్టన్‌లో బేబ్ రూత్ అనే ఆటగాడు ఉండేవాడు. అంతటి బ్యాటర్‌ను అప్పటిదాకా ఎవరూ చూడలేదు. జట్టు యజమాని అతన్ని యాంకీస్‌కు డబ్బు పుచ్చుకుని అమ్మేశాడు. 1919 డిసెంబర్‌లో బేరం కుదిరింది, జనవరిలో జనానికి తెలిసింది. ఆ తర్వాత యాంకీస్ గెలుస్తూనే పోయింది. ఇప్పటికి 27 సార్లు. బోస్టన్‌కు మాత్రం 86 ఏళ్ల పాటు ఒక్కటంటే ఒక్కటి రాలేదు. జనం దాన్ని శాపం అన్నారు. నేను శాపాలను నమ్మను. కానీ 86 ఏళ్లంటే తాత, నాన్న, మనవడు. ముగ్గురూ ఎదురుచూస్తూ గడిపిన కాలం అది.

నేను వరంగల్ ఆర్‌ఈసీలో ఇంజనీరింగ్ చదువు ముగించి ఇక్కడికి వచ్చిన ఏడాదికి, 1978లో, ఈ బాధ నాకూ అంటుకుంది. ఆ జులైలో బోస్టన్, యాంకీస్ కంటే 14 మ్యాచ్‌ల ముందుంది. సెప్టెంబర్‌కు ఆ దూరమంతా కరిగిపోయింది. చివరికి ఇద్దరూ సమానమయ్యారు. తేల్చుకోవడానికి ఒక్క మ్యాచ్ పెట్టారు, అక్టోబర్ 2న, మా స్టేడియం ఫెన్వే పార్క్‌లో. సోమవారం మధ్యాహ్నం. నేను పనిచేసే చోట అందరూ ఒక చిన్న రేడియో చుట్టూ చేరారు. నాకు ఆట సగమే అర్థమయ్యేది. ఏడో ఇన్నింగ్స్ దాకా 2-0తో మనమే ముందున్నాం. అప్పుడు బకీ డెంట్ అనే యాంకీస్ ఆటగాడు బ్యాట్ పట్టుకున్నాడు. ఆ సీజన్ మొత్తం మీద అంతకుముందు కొట్టినవి నాలుగే హోమ్ రన్‌లు. ఆ ఒక్క దెబ్బకు బంతి ఎడమవైపున్న 37 అడుగుల పచ్చగోడ దాటింది. మూడు రన్‌లు. ఆఖరికి 5-4. రేడియో కట్టేసినా చాలాసేపు ఎవరూ లేవలేదు. నా పక్కన కూర్చున్న పెద్దాయన తన డబ్బాలోని శాండ్‌విచ్ సగం నాకు ఇచ్చి, “ఇక నువ్వూ మావాడివే” అన్నాడు. ఈ దేశంలో నన్ను ఆ మాట అన్న మొదటి మనిషి ఆయన. గెలిచి ఉంటే ఆ మాట వచ్చేది కాదేమో.

చిన్నా, నువ్వు ఓడిపోయింది కూడా అక్టోబర్ 2నే. తేదీ చూసి నాకు గుండె ఒక్కసారి ఆగినట్టయింది.

ఏడ్చినందుకు నేను నిన్నేమీ అనను. “ఒక ఆట కోసం ఏడుస్తారా” అనేవాళ్ల మాట పట్టించుకోకు. ఆర్నెల్లు మనసు పెట్టి చూసినవాడికి ఆ మాత్రం బాధ లేకపోతేనే నాకు దిగులు. నన్ను కలత పెట్టింది వేరే సంగతి. మ్యాచ్ అయ్యాక నువ్వు ఫోన్‌లో ఆ పిచర్ గురించి టైప్ చేస్తుంటే నేను నీ వెనకే ఉన్నాను. “ద్రోహి” అని రాశావు. ఆ తర్వాత రాసింది ఇక్కడ రాయను. పంపావో లేదో నాకు తెలియదు, అడగను కూడా.

బన్నీ, ఆ పిచర్ పేరు కామ్ ష్లిట్లర్. వయసు 24. ఎనిమిది ఇన్నింగ్స్‌లు వేసి ఒక్క రన్ కూడా ఇవ్వలేదు, పన్నెండు మందిని బ్యాట్‌కు బంతి అందకుండా వెనక్కి పంపాడు. ఆ కుర్రాడిది ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న వాల్పోల్. పెరిగింది ఇక్కడ, చదివిన యూనివర్సిటీ బోస్టన్‌లో. మన గడప దగ్గర పెరిగినవాడే వచ్చి మనల్ని ఓడించాడని చిన్నా కోపం.

కానీ చిన్నా, అతనేం చేశాడు? ఇక్కడ కుర్రాడు జట్టును ఎంచుకోడు. డ్రాఫ్ట్ అని ఉంటుంది. జట్లు వరసగా పిలుస్తాయి, ఎవరు పిలిస్తే అక్కడికి పోవాలి. 2022లో యాంకీస్ పిలిచింది. అంతకుముందు ఆరు రౌండ్లు జరిగాయి. బోస్టన్ కూడా అతన్ని పిలవగలిగేదే, పిలవలేదు. పిలిచినవాళ్ల దగ్గరికి వెళ్లి పని చేసుకున్నాడు, చక్కగా చేసుకున్నాడు. నేనూ హనుమకొండలో పుట్టి, అక్కడి నీళ్లు తాగి, అక్కడి సర్కారు బడిలో చదివి, పని దొరికిన ఊరికి వచ్చాను. మా వీధిలో ఎవరూ నన్ను ద్రోహి అనలేదు. పోయినప్పుడల్లా “ఎప్పుడొచ్చినవ్, తిన్నవా” అని అడిగారు. అందుకే ఆ మాట నీ వేళ్ల మీద చూసి నాకు నొప్పి వేసింది. బోస్టన్ అభిమానుల్లో కొందరు తన ఇంటివాళ్ల జోలికి కూడా వచ్చారని ఆ కుర్రాడు బయటికే చెప్పాడు. ఆ ఇల్లు మనకు పరాయి ఇల్లేం కాదు. మనం వెళ్లే దుకాణాలకే వాళ్లూ వెళతారు.

ఇలాంటిది నేను ఇంతకుముందు ఒకసారి చూశాను. 1986లో బోస్టన్ ఫైనల్‌కు చేరింది. అవతల న్యూయార్క్‌లోని ఇంకో జట్టు, మెట్స్. ఆరో మ్యాచ్ పదో ఇన్నింగ్స్‌లో మనం 5-3తో ముందున్నాం, వాళ్లకు రెండు ఔట్లు పడ్డాయి. ఇంకొక్క ఔట్ చాలు, 68 ఏళ్ల ఎదురుచూపు తీరిపోతుంది. వరసగా మూడు హిట్లు పడ్డాయి, అంటే వాళ్లలో ముగ్గురు బంతి కొట్టి బేస్ చేరారు. ఒక బంతి అదుపు తప్పి పక్కకు పోయింది, స్కోరు సమానమైంది. అప్పుడొక మామూలు బంతి నేల మీద దొర్లుతూ మన ఫీల్డర్ బిల్ బక్‌నర్ కాళ్ల సందులోంచి పోయింది. మ్యాచ్ పోయింది.

చూడు, ఆ బంతి వచ్చేటప్పటికే స్కోరు సమానం. దాన్ని ఆపినా మనం గెలిచినట్టు కాదు. పైగా ఏడో మ్యాచ్ ఇంకా ఉంది, అదీ ఓడాం. కానీ జనానికి ఒక ముఖం కావాలి. బక్‌నర్ ముఖం దొరికింది. ఇరవై ఏళ్లకు పైగా ఆడి 2,700కు పైగా హిట్లు కొట్టినవాడిని ఆ ఒక్క బంతితోనే పిలిచారు. చివరికి ఆయన కుటుంబాన్ని తీసుకుని దూరంగా ఐడహో రాష్ట్రానికి వెళ్లిపోయాడు. అదే ఏడాది ఏప్రిల్‌లో షార్జాలో ఆఖరి బంతికి మియాందాద్ సిక్సర్ కొట్టాడని మనవాళ్లు చేతన్ శర్మను ఎన్నేళ్లు అన్నారో మీ నాయనమ్మను అడగండి. మరుసటి ఏడాది ప్రపంచ కప్‌లో నాగ్‌పూర్‌లో అతను హ్యాట్రిక్ తీశాడు. అది ఎంతమందికి గుర్తుంది?

2008 ఏప్రిల్‌లో, ఫెన్వేలో సీజన్ మొదటి మ్యాచ్ నాడు, మొదటి బంతి వేయడానికి బక్‌నర్‌ను పిలిచారు. ఆ పచ్చగోడ దగ్గర్నుంచి ఒక్కడే మైదానం మధ్యకు నడిచి వచ్చాడు. స్టేడియమంతా లేచి నిలబడింది, చప్పట్లు ఆగలేదు. ఆయన కళ్లు తుడుచుకుంటున్నాడు. టీవీ ముందు నేనూ తుడుచుకున్నాను. 1986లో ఆ రాత్రి నేను కూడా ఆయన్ని తిట్టాను. మీ నాన్న పసివాడు, నా ఒళ్లో ఉన్నాడు. 22 ఏళ్లకు చప్పట్లు కొట్టాం. ఆ మధ్య కాలాన్ని ఆయనకు ఎవరు తిరిగిస్తారు?

యాంకీస్ గురించి కూడా ఒకటి చెప్పాలి. అమ్ములూ, నువ్వు పుట్టకముందు, 2013 ఏప్రిల్ 15న బోస్టన్ మారథాన్‌లో బాంబులు పేలాయి. ఊరంతా బిక్కచచ్చిపోయింది. మర్నాడు రాత్రి న్యూయార్క్‌లో యాంకీస్ మ్యాచ్ ఉంది, వేరే జట్టుతో. మనం ఫెన్వేలో ఎనిమిదో ఇన్నింగ్స్ మధ్యలో రోజూ అందరం కలిసి పాడే పాట ఉంది కదా, ఆ పాటను ఆ రాత్రి యాంకీ స్టేడియంలో వేశారు. మనల్ని ఎగతాళి చేసే ఆ జనమే పాడారు. నేను ఆ వార్త రెండుసార్లు చూశాను.

దసరా నాడు పొద్దున మనం ఏం చేశామో గుర్తుందా? నాయనమ్మ హనుమకొండ నుంచి తెచ్చి పుస్తకంలో దాచిన ఎండు జమ్మి ఆకులు తీసింది. “శమీ శమయతే పాపం, శమీ శత్రువినాశనీ” అని చీటీ మీద రాయించింది. చిన్నా, నువ్వు శ్లోకం కింద ‘యాంకీస్’ అని రాసి దేవుడి ముందు పెట్టావు. అందరం నవ్వాం. మ్యాచ్ టెన్షన్‌లో మిగతా సగం చేయనే లేదు. బన్నీకి తెలుసు అది. జమ్మి కొట్టి వచ్చాక ఆ ఆకు బంగారమని ఒకరి చేతిలో ఒకరు పెట్టి అలాయ్ బలాయ్ తీసుకుంటాం. మా నాన్నకూ మా పెదనాన్నకూ బాయి నీళ్ల దగ్గర తగాదా. ఏడాదంతా మాటల్లేవు. దసరా సాయంత్రం మాత్రం నాన్న నా చెయ్యి పట్టుకుని వాళ్ల వాకిట్లోకి వెళ్లేవాడు. ఆకు చేతిలో పెట్టి కావలించుకునేవారు. మర్నాడు మళ్లీ నీళ్ల దగ్గర పేచీ మొదలయ్యేది, అది నిజమే. కానీ పెదనాన్న జబ్బుపడ్డప్పుడు మంచం మోసినవాడు మా నాన్నే.

ఇక మీ నాన్న సంగతి. 2003లో యాంకీస్‌తో ఏడు మ్యాచ్‌ల సిరీస్‌లో ఆఖరిదైన ఏడో మ్యాచ్‌లో ఎనిమిదో ఇన్నింగ్స్ దాకా 5-2తో మనమే ముందు. అలిసిపోయిన మన పిచర్ పెడ్రో మార్టినెజ్‌ను మేనేజర్ దించలేదు, స్కోరు సమానమైంది. పదకొండో ఇన్నింగ్స్‌లో యాంకీస్ ఆటగాడు ఆరన్ బూన్ హోమ్ రన్ కొట్టాడు. మీ నాన్న రిమోట్ గోడకేసి కొట్టాడు. మరుసటి ఏడాది మళ్లీ యాంకీస్‌తోనే. మొదటి మూడూ ఓడాం, మూడోది 19-8. ఇంకొకటి ఓడితే ఇంటికే. నాలుగో మ్యాచ్‌లో తొమ్మిదో ఇన్నింగ్స్‌కు 4-3తో వెనకబడి ఉండగా మీ నాన్న లేచి వెళ్లి పడుకున్నాడు. మన డేవ్ రాబర్ట్స్ పిచర్ బంతి వేస్తుండగానే రెండో బేస్‌కు పరుగెత్తి చేరాడు, వేలెడు తేడాలో ఔట్ తప్పించుకున్నాడు. నేను వెళ్లి తలుపు కొట్టి లేపాను. తర్వాతి హిట్‌కు రాబర్ట్స్ ఇంటికి చేరి స్కోరు సమానమైంది. రాత్రి ఒంటిగంట దాటాక మన డేవిడ్ ఓర్టిజ్ హోమ్ రన్‌తో గెలిచాం. ఆ తర్వాత వరసగా మూడూ గెలిచాం. మొదటి మూడు ఓడి ఏడు మ్యాచ్‌ల సిరీస్ గెలిచిన జట్టు ఈ ఆటలో అంతకుముందు లేదు. వారం తిరగ్గానే ఫైనల్ కూడా గెలిచి 86 ఏళ్ల లెక్క ముగించాం. మర్నాడు జనం రెడ్‌సాక్స్ జెండాలు పట్టుకుని శ్మశానాలకు వెళ్లారు. చూడకుండా పోయిన నాన్నల, తాతల సమాధుల మీద గుచ్చి వచ్చారు. 1978లో నాకు శాండ్‌విచ్ సగం ఇచ్చిన పెద్దాయన సమాధి దగ్గరికి నేను కూడా వెళ్లాను.

2004లో యాంకీస్ మీద ఆ ఏడో మ్యాచ్ గెలిచింది అక్టోబర్ 20న. ఈ ఏడాది దీపావళి కూడా 20నే, సోమవారం. స్కూల్ అయ్యాక ఇద్దరూ మా ఇంటికి రండి. నాయనమ్మ పోలెలు చేస్తానంటోంది. జమ్మి ఆకులు రెండు ఇంకా మిగిలి ఉన్నాయి. టోపీ అలమరలో, నా రేడియో పక్కన పెట్టాను.

బన్నీ, నువ్వు అక్కడి నుంచి వీడియో కాల్ చెయ్యి. ఫెన్వే పచ్చగోడ ఫోటో చూపిస్తాను.

మీ తాత