టీడీఎస్ మీటరుకు సీసం కనబడదు: వ్యర్థాల దగ్గర ఇళ్లపై అపోహలు - వాస్తవాలు

విశాఖ దగ్గర, ఫ్యాక్టరీల ప్రమాదకర వ్యర్థాలు పాతిపెట్టే పరవాడ వైపు ప్లాటు చూసుకున్నవాళ్లను నీళ్ల రిపోర్టు పంపమంటే ఎక్కువమంది పంపేది ఒక ఫోటో: గ్లాసులో ముంచిన టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన ఉప్పుల మొత్తం చూపేది), దాని మీద 280, అంటే లీటరుకు 280 మిల్లీగ్రాములు. "బాగానే ఉన్నాయి కదండీ?" అని కింద ఓ ప్రశ్న.

అపోహ: టీడీఎస్ తక్కువుంటే బోరు నీళ్లు మంచివే.

ఆ మీటరు చూసేది నీళ్లలో కరెంటు ఎంత పారుతోందన్నదే. దాన్ని ఉప్పుల లెక్కలోకి మార్చి చూపిస్తుంది. తాగునీటికి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 10500 ప్రకారం తాగునీటిలో సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాములు, కాడ్మియం 0.003 దాటకూడదు. సీసం పరిమితికి పది రెట్లున్నా 280 కాస్తా 280.1 అవుతుంది. చేతి మీటరు దాన్ని పట్టదు. బెంజీన్ లాంటి సాల్వెంట్లు (ఫ్యాక్టరీల్లో కరిగించడానికి వాడే రసాయన ద్రవాలు) కరెంటును మోయవు కాబట్టి అసలే తెలియవు. మరగబెడితే లోహాలు పోవు, ఇంకాస్త చిక్కబడతాయి. ఆర్‌వో లోహాలను చాలావరకు ఆపుతుంది గానీ కొన్ని సాల్వెంట్లు దాటిపోతాయి. వాటికి యాక్టివేటెడ్ కార్బన్ ఫిల్టరు ఉండాలి, దాన్ని వేళకు మార్చాలి.

పరీక్ష చేయించేటప్పుడు బోరును పది, పదిహేను నిమిషాలు పారనిచ్చి, ట్యాంకులోంచి కాకుండా బోరు దగ్గరే పట్టండి. లోహాలకు ల్యాబ్ ఇచ్చే ప్లాస్టిక్ సీసా వాడాలి, అందులో నైట్రిక్ యాసిడ్ ఉండాలి. లేకపోతే లోహం సీసా గోడలకు అంటుకుని రిపోర్టులో తక్కువ వస్తుంది. సాల్వెంట్లకు 40 మిల్లీలీటర్ల గాజు వయల్‌ను గాలి బుడగ లేకుండా నింపి, ఐసులో పెట్టి పంపాలి. కూల్‌డ్రింకు సీసాలో పట్టుకెళ్తే డబ్బులు దండగ. రిపోర్టులో 'బీడీఎల్' (పరీక్ష పట్టగలిగినంత లేదు) అని కనబడగానే సంబరపడొద్దు, పక్కన డిటెక్షన్ లిమిట్, అంటే ఆ పరీక్ష పట్టగలిగే కనీస మోతాదు చూడండి. సీసానికి అది 0.05 అని ఉంటే ఆ పరీక్ష మీకేమీ చెప్పనట్టే. ఎండాకాలం చివర ఒకసారి, వానలు వెనక్కి తగ్గాక ఇంకోసారి చేయించాలి.

అపోహ: కిలోమీటరు దూరంలో ఉన్నాం, మనదాకా రాదు.

ప్రమాదకర వ్యర్థాల ల్యాండ్‌ఫిల్ చుట్టూ 500 మీటర్లు కట్టడాలు వద్దని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి మార్గదర్శకాలు. అది దాటితే భద్రమనీ కాదు, లోపలుంటే జబ్బనీ కాదు. జబ్బు రావాలంటే విషం ఉండాలి, అది మనిషిని చేరే దారీ ఉండాలి. మన విశాఖ ప్రాంతపు ఖొండలైట్ రాళ్లలో నీరు పగుళ్ల వెంట పోతుంది. వానాకాలంలో వెళ్లి గెడ్డ (వాగు) ఎటు పారుతోందో చూడండి. పల్లంలో కిలోమీటరు కంటే మెరకలో 600 మీటర్లే చాలాసార్లు నయం. అపార్టుమెంట్లు పెరిగి బోర్లు గట్టిగా తోడితే ఈ లెక్కా తిరగబడుతుంది.

అపోహ: మట్టి పోసి ఎత్తు చేశారు, ఇక దిగుల్లేదు.

ఆ మట్టి ఎక్కడిది? బూడిదా, పాత ఫ్యాక్టరీ శిథిలాలా? ప్లాటులో ఐదుచోట్ల తీయండి: పై 15 సెంటీమీటర్లది ఒక సంచి, అర మీటరు లోతుది ఇంకో సంచి. రెండూ కలిపేస్తే పైన ఉన్న విషం కింది మట్టిలో పలచబడిపోతుంది. పిల్లల నోటికి చేరేది పై మట్టే.

మిగిలినవి, క్లుప్తంగా. విశాఖ నగరాభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ ఇచ్చే ఎల్‌పీ (లేఅవుట్ అనుమతి) నంబరు మీ బోరు నీళ్ల సంగతి చెప్పదు. వాసన లేదంటే విషం లేదని కాదు, వాసన వస్తే క్యాన్సర్ అనీ కాదు. కాపులుప్పాడ డంపింగ్ యార్డుది విశాఖ నగర చెత్త. అక్కడ ముందు నైట్రేట్, అమ్మోనియా చూడాలి. 2020 మే 7న విశాఖ ఆర్‌ఆర్ వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీలో జరిగింది గ్యాస్ లీకు, గంటల్లో ముంచే ముప్పు. పాతిపెట్టిన వ్యర్థాలది ఏళ్ల తరబడి సాగే వ్యవహారం. వాట్సాప్‌లో రెండూ కలిపి భయపెట్టేవాళ్లకు ఆ తేడా అక్కర్లేదు.

ఇప్పటికే ఇల్లు కట్టుకుని నిద్రపట్టనివాళ్లకు: క్యాన్సర్ ముప్పును మామూలుగా రోజుకు 2 లీటర్ల చొప్పున 70 ఏళ్లు తాగినట్టు లెక్కిస్తారు. కొన్ని నెలలు తాగినంత మాత్రాన అంతా అయిపోయినట్టు కాదు. సీసం సంగతి వేరు. నీళ్లలో పరిమితి దాటితే చిన్నపిల్లలకు, గర్భిణులకు రక్తంలో సీసం పరీక్ష వెంటనే చేయించండి. తాగడానికి, వంటకు బోరు నీళ్లు మాని మున్సిపల్ కుళాయి నీళ్లకు మారండి. ట్యాంకరు తెప్పిస్తే ఎక్కడ నింపారో అడగండి. ఒక్కోసారి అది పక్క వీధి బోరే అయి ఉంటుంది.