మార్ఫిన్ రాశారంటే ఇక రోజులేనా? చివరి దశ క్యాన్సర్‌పై అపోహలు - వాస్తవాలు

చీటీలో మార్ఫిన్ అని, అంటే తీవ్రమైన నొప్పిని తగ్గించే మందు పేరు, కనబడగానే ఇంట్లోవాళ్ల మొహాలు వాడిపోతాయి. మాత్రలు తెచ్చుకుంటారు గానీ, "మరీ తట్టుకోలేకపోతే ఇద్దాంలే" అని బీరువాలో దాస్తారు. పక్కగదిలో మనిషి మంచం పట్టె పట్టుకుని మూలుగుతూ ఉంటాడు. ఏ ఇంట్లో చూసినా ఇదే. అందుకే ముందు దీని సంగతి.

అపోహ: మార్ఫిన్ ప్రాణం తొందరగా తీస్తుంది, పైగా వ్యసనమవుతుంది.

వాస్తవం: నొప్పిని బట్టి కొద్దికొద్దిగా పెంచుతూ ఇచ్చే మార్ఫిన్ ప్రాణం తీయదు. ప్రాణం తీసేది జబ్బు. ఆఖరి వారం దాకా ఆగి మొదలుపెడతారు కాబట్టే "ఆ మందు వేశాకే పోయాడు" అనే మాట పుడుతోంది. క్యాన్సర్ నొప్పికి లెక్క ప్రకారం వాడితే వ్యసనం కావడం అరుదు. రేడియేషన్‌తో నొప్పి తగ్గితే డోసు తగ్గించుకుంటూ ఆపేయొచ్చు. ఒక్కసారిగా మాత్రం ఆపకండి. చెమటలు, వణుకు, విరేచనాలు పట్టుకుంటాయి.

మామూలు మాత్ర పనిచేసేది సుమారు 4 గంటలు. అందుకే నొప్పి వచ్చాక కాదు, గడియారం చూసి ఇవ్వాలి: ఉదయం 6, 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 6, రాత్రి 10. రాత్రి 10కి సాధారణంగా రెట్టింపు డోసు రాస్తారు, అర్ధరాత్రి దాటాక 2 గంటలకు నిద్ర లేపక్కర్లేకుండా. డోసు సాధారణంగా 5 లేదా 10 మిల్లీగ్రాములతో మొదలవుతుంది. బాగా నీరసించిన పెద్దవాళ్లకు, కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకు ఇంకా తక్కువ. మధ్యలో నొప్పి పొడుచుకొస్తే డాక్టర్ చెప్పిన అదనపు డోసు ఇచ్చి, టైము నోట్‌బుక్‌లో రాయండి. అదనంగా ఇచ్చామని తర్వాతి డోసు ఎగ్గొట్టకండి. రోజుకు మూడు నాలుగుసార్లు అదనంగా పడుతోందంటే అసలు డోసు చాలట్లేదన్నమాట. నోట్‌బుక్ డాక్టర్‌కు చూపించండి.

ఎక్కువమంది మానేసేది మలబద్ధకం వల్ల. అయిదు రోజులు విరేచనం కాక, పొట్ట ఉబ్బి, వాంతులై, చివరికి "మార్ఫిన్ పడలేదు" అంటారు. తప్పు మార్ఫిన్‌ది కాదు, దాంతోపాటు రాసిన విరేచనం మాత్ర వెయ్యకపోవడమే. అది మొదటి రోజు నుంచే వెయ్యాలి, రోజూ వెయ్యాలి. వికారం, మగత కొద్ది రోజుల్లో సర్దుకుంటాయి. పిలిచినా పలకనంత మగతగా ఉన్నా, చేతులూ కాళ్లూ ఉలిక్కిపడ్డట్టు అదురుతున్నా తర్వాతి డోసు వెయ్యకముందే డాక్టర్‌కు ఫోన్ చెయ్యండి. కిడ్నీలు మందును బయటికి పంపలేకపోతున్నాయేమో. 12 గంటలు పనిచేసే రకం మాత్రను నలిపి ఇవ్వకూడదు, మందంతా ఒక్కసారే ఒంట్లోకి దిగుతుంది.

వీధిలో మందుల షాపులో లేదంటే అసలు దొరకదనుకోకండి. మత్తుమందులను నియంత్రించే ఎన్‌డీపీఎస్ చట్టాన్ని 2014లో సవరించాక గుర్తింపు పొందిన వైద్యసంస్థలు దీన్ని నిల్వ పెట్టుకోవచ్చు. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ కేర్ (నొప్పి, బాధ తగ్గించే వైద్యం) విభాగం ఉంది. తెలంగాణలో జిల్లా స్థాయిలోనూ పాలియేటివ్ కేర్ కేంద్రాలు ఉన్నాయి, అడగండి.

అపోహ: క్యాన్సర్ అంటుకుంటుంది. అంటుకోదు. పక్కన కూర్చోండి, చెయ్యి పట్టుకోండి.

అపోహ: వెంటిలేటర్ వద్దంటే కేసవుతుంది.

వాస్తవం: వెంటిలేటర్ వద్దనుకునే దారిని సుప్రీంకోర్టు 2018 మార్చి 9న తెరిచింది, 2023 జనవరిలో సులభం చేసింది. ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారితో ధ్రువీకరించుకుంటే లివింగ్ విల్ (చివరి దశలో ఏ వైద్యం వద్దో ముందే రాసిపెట్టుకునే పత్రం) చెల్లుతుంది. అది లేకపోయినా రెండు మెడికల్ బోర్డుల పరిశీలనతో, కుటుంబం సమ్మతితో నిర్ణయం తీసుకోవచ్చు. పెద్దాయన మాట్లాడగలిగినప్పుడే అడగండి: "ఆయాసం ఎక్కువైతే ఐసీయూకి తీసుకెళ్లమంటారా, ఇంట్లోనే ఉంటారా?" అర్ధరాత్రి ఎవరికి ఫోన్ చెయ్యాలో గోడమీద రాసిపెట్టుకోండి. అది లేకే కంగారులో అంబులెన్స్ పిలిచి, ఆయన వద్దన్న ట్యూబే వేయిస్తారు.

అపోహ: సెలైన్ పెట్టకపోతే ఆకలితో చంపినట్టే.

వాస్తవం: చివరి రోజుల్లో శరీరమే తిండీ నీళ్లూ వద్దంటుంది. బలవంతాన ఎక్కించిన సెలైన్ కాళ్లవాపుగా, ఊపిరితిత్తుల్లో నీరుగా మారి ఆయాసం పెంచవచ్చు. నోరు ఎండిపోతుంది, అంతే. గంటకో రెండు గంటలకో తడి గాజుగుడ్డతో నాలుక, చిగుళ్లు తుడవండి. గొంతులో గురగురమంటుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. తులసి తీర్థం పొయ్యాలని అందరికీ ఉంటుంది. మింగలేని మనిషికి చెంచాతో పోస్తే ఊపిరిగొట్టంలోకి పోతుంది. తులసి ఆకును తీర్థంలో ముంచి పెదాలు తడపండి.