ఎల్డొరాడో బ్రోమ్: గాలి మీదా, స్ప్రింగుల మీదా?

అమెరికాలో జనరల్ మోటార్స్ వాళ్ల ఖరీదైన కార్ల బ్రాండు కాడిలాక్. 1957 నాటి ఆ కాడిలాక్ ఎల్డొరాడో బ్రోమ్ కారును రీస్టోర్ చేసేవాళ్ల మధ్య ఒక పేచీ ఎప్పటికీ తెగదు. కింద కారును గాలి మీద నిలబెట్టే అసలు ఎయిర్ సస్పెన్షన్ మళ్లీ పెట్టాలా, తర్వాతెవరో వేసిన కాయిల్ స్ప్రింగులే (చుట్టల స్టీలు స్ప్రింగులు) ఉంచాలా? ఈ తగువు మొన్నమొన్న పుట్టింది కాదు, కారు కొత్తగా ఉన్నప్పటిదే.

ఫోర్డ్ కంపెనీ 1956 మోడల్‌గా కాంటినెంటల్ మార్క్ 2 అనే లగ్జరీ కారును దాదాపు 10,000 డాలర్లకు దింపింది. జనరల్ మోటార్స్ ఊరుకుంటుందా? 1955లో తన సొంత కార్ల ప్రదర్శన మోటోరామాలో చూపించిన బ్రోమ్‌ను 1957లో 13,074 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. ఆ డబ్బుకి అప్పట్లో మామూలు కాడిలాక్‌లు రెండు వచ్చేవి, చేతిలో ఇంకా మిగిలేది.

హంగులకేం కొదవ లేదు. పైకప్పు స్టెయిన్‌లెస్ స్టీలు. నాలుగు తలుపులున్నా మధ్యలో స్తంభం ఉండదు. వెనక తలుపులు మన పాత బీరువా రెక్కల్లా ఎదురు దిక్కుకు తెరుచుకుంటాయి. గ్లవ్ బాక్స్ మూత తెరిస్తే దాని మీద అయస్కాంతంతో నిలబడే గ్లాసులు, వెనక సీటు ఆర్మ్‌రెస్టులో లాన్‌వాన్ వాళ్ల ఆర్పెజ్ సెంటు సీసా! ఈ చిల్లర సామాను మొత్తం సెట్టుగా దొరకడమే ఇప్పుడు కలెక్టర్లకు పెద్ద తలనొప్పి.

అసలు చిక్కు మాత్రం కిందుంది. నాలుగు చక్రాల దగ్గరా స్టీలు స్ప్రింగులకు బదులు గాలి నిండిన స్ప్రింగులు, వాటికి గాలి కొట్టే ఎలక్ట్రిక్ కంప్రెసర్, నిల్వకో ట్యాంకు, బరువు మారినప్పుడల్లా ఎత్తు సరిచేసే వాల్వులు. లోపల ఐదుగురు ఎక్కినా కారు కుంగకూడదు, అదీ లెక్క. ఆలోచన మంచిదే. కానీ అప్పటి రబ్బరు, సీళ్లు దానికి తూగలేదు. రాత్రి నిలబెట్టిన కారు తెల్లారేసరికి గాలి దిగిపోయి, ముసలి ఎద్దులా ఒక మూలకు ఒరిగి కూర్చునేది. అంత డబ్బు పోసినవాడికి ఎంత మంటగా ఉంటుంది! చాలామంది పీకేయించి కాయిల్ స్ప్రింగులు వేయించుకున్నారు. 1958లో షెవర్లే కూడా ఎయిర్ సస్పెన్షన్‌ను ఆప్షన్‌గా ఇచ్చి, త్వరలోనే మానుకుంది.

1957లో 400, 1958లో 304 బ్రోమ్‌లు తయారయ్యాయి. చేతిపని ఎక్కువ కావడంతో, అంత ధర పెట్టినా కంపెనీకి ప్రతి కారు మీదా నష్టమే. తర్వాతి రెండేళ్ల బ్రోమ్‌ల బాడీలు ఇటలీలో పినిన్‌ఫరీనా అనే కార్ల బాడీ కంపెనీ దగ్గర తయారయ్యాయి.

ఆ గాలి తిప్పల వల్లే ఇప్పుడు దొరికే చాలా బ్రోమ్‌ల కింద కంపెనీ పెట్టిన గాలి స్ప్రింగులు కాదు, యజమానులు విసిగిపోయి వేయించిన కాయిల్ స్ప్రింగులు ఉంటాయి. స్ప్రింగులతో నడపడం సుఖం, టెన్షన్ ఉండదు. అయినా నా ఓటు గాలికే. గాలి మీద తేలాలనే కదా ఆ కారును చేసింది! కొనబోయేవాళ్లు మాత్రం పెయింటు మెరుపు తర్వాత చూసుకోవచ్చు. ముందు కారును ఒక రాత్రంతా కదపకుండా ఉంచి, పొద్దున్నే నాలుగు మూలల ఎత్తూ టేపుతో కొలవాలి.