లూపులో దొంగ కనపడడు: వజ్రాల బజారు మీద అపోహలు - వాస్తవాలు

నాది వజ్రాల వాల్యుయర్ పని, అంటే రాళ్లకు విలువ కట్టడం. సూరత్‌లో రాళ్లను రకాలవారీగా వేరుచేసే ఎసార్టర్‌గా మొదలుపెట్టి, బెల్జియంలోని ఆంట్వెర్ప్‌లో ఓ గుజరాతీ ఆఫీసులో ఆరేళ్లు చేసి, ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటున్నాను. రాళ్లు పోయాయనో, మారిపోయాయనో ఎవరైనా ఇన్సూరెన్స్ క్లెయిమ్ పెడితే ఆ కాగితాలు నా బల్ల మీదికి వస్తాయి. పెళ్లిళ్లలోనో రైల్లోనో ఈ సంగతి తెలిసిందంటే చాలు, పక్కనున్నవాళ్లు కుర్చీ దగ్గరికి జరుపుకుంటారు. అడిగేవి మాత్రం ఎప్పుడూ అవే. "ఆ వ్యాపారమంతా యూదులదేనటగా?" "లూపు అనే ఆ భూతద్దంలో దొంగ వజ్రాన్ని చూడగానే పట్టేస్తారటగా?" డిటెక్టివ్ కథలు ఎక్కువ చదివినవాళ్లయితే నల్లకోటు, గడ్డం, చీకటి సందు, జేబులో వెల్వెట్ సంచి కూడా కలుపుతారు. (వెల్వెట్ సంచిలో వజ్రాలు పోసుకు తిరిగేవాణ్ని నేనింతవరకు చూడలేదు. వజ్రానికి వజ్రం తగిలితే అంచులు దెబ్బతింటాయి. మేం వాడేది మడతపెట్టిన కాగితం పొట్లం.)

అపోహ: వజ్రాల వ్యాపారం మొత్తం యూదుల గుప్పిట్లో ఉంది

చాలా పాత మాట ఇది. అందులో విషం పాలు కూడా ఎక్కువే.

స్పెయిన్, పోర్చుగల్‌లలో మత విచారణల హింస తట్టుకోలేక పారిపోయిన యూదులు కొందరు ఆమ్‌స్టర్‌డామ్ చేరారు. అక్కడ ఏ చేతిపని చేయాలన్నా వృత్తి సంఘంలో సభ్యత్వం ఉండాలి. ఆ సంఘాలు యూదులను చేర్చుకునేవి కావు. వజ్రాల కోత అప్పటికి కొత్త పని, దానికి సంఘమంటూ లేదు. అన్ని తలుపులూ మూసి ఉంటే తెరిచి ఉన్న ఆ ఒక్క తలుపులోంచి లోపలికి వెళ్లారు. దీన్ని పట్టుకుని "గుప్పిట్లో పెట్టుకున్నారు" అంటే ఏమనాలి?

రెండో ప్రపంచ యుద్ధంలో బెల్జియం నుంచి దాదాపు 25,000 మంది యూదులను మెకెలెన్ పట్టణంలోని సైనిక బారకుల మీదుగా నాజీల ఆష్విట్జ్ మరణ శిబిరానికి తరలించారు. ఆంట్వెర్ప్ వీధులు ఖాళీ అయిపోయాయి. యుద్ధం తర్వాత బతికి బయటపడ్డవాళ్లు, తూర్పు యూరప్ నుంచి వచ్చిన హసిదిక్ (మతనిష్ఠ ఎక్కువగా ఉండే యూదు శాఖ) కుటుంబాలు కలిసి మళ్లీ మొదలుపెట్టారు. నేను పనిచేసిన రోజుల్లో నాకు పరిచయమైన పెద్దవయసు దలాలుల్లో చాలామందికి తాతలు, మేనత్తలు అనే చుట్టరికాలే లేవు.

ఇక లెక్కలు చూద్దాం. 1888లో డి బీర్స్ అనే వజ్రాల గనుల కంపెనీని పెట్టిన సెసిల్ రోడ్స్ యూదుడు కాదు. రష్యా గనులు అల్‌రోసా కంపెనీవి, అందులో ప్రభుత్వానిదే పెద్ద వాటా. బోట్స్‌వానాలోనూ ప్రభుత్వానికి వాటా ఉంది. ప్రపంచంలో సానపట్టే ప్రతి పది రాళ్లలో దాదాపు తొమ్మిది సూరత్‌లో తయారవుతాయి. ఆంట్వెర్ప్‌లోనే 1960ల నుంచి గుజరాత్‌లోని పాలన్‌పూర్ జైనులు చిన్న రాళ్లతో మొదలుపెట్టి, ఇవాళ వ్యాపారంలో పెద్ద భాగం చూస్తున్నారు. ఊరి శివార్లలో విల్రైక్‌లో పాలరాతి జైన మందిరం కూడా కట్టుకున్నారు. హోవెనియర్స్‌స్ట్రాట్ అనే ఆ చిన్న వీధిలో నిలబడితే ఒక చెవిలో యూరప్ యూదుల భాష యిడ్డిష్, ఇంకో చెవిలో గుజరాతీ పడుతుంది.

మన ఊసు కూడా ఇందులో ఉంది. కృష్ణ ఒడ్డున కొల్లూరు గని రాళ్లు లండన్, ఆమ్‌స్టర్‌డామ్ చేరిన దారిలో మద్రాసు ఒక మజిలీ. 17వ శతాబ్దం చివర్లో సెయింట్ జార్జి కోట దగ్గర పోర్చుగీసు మూలాలున్న యూదు వర్తకులు కాపురముండేవారు. వారిలో ఒకరైన జాక్ డి పైవా 1687లో మద్రాసులోనే కన్నుమూశాడు. వాళ్లు ఇచ్చిపుచ్చుకున్న సరుకేమిటో తెలుసా? మధ్యధరా సముద్రపు పగడాలు ఇటు, గోల్కొండ వజ్రాలు అటు. మన ముత్తవ్వల మెడలోని పగడాల దండకూ, లండన్ యూదు వర్తకుడి లెక్కల పుస్తకానికీ సంబంధం ఉండి ఉండొచ్చు. కొల్లూరు గనుల చోటు ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది.

అపోహ: చేతిలో చేయి వేస్తే బేరం అయిపోయినట్టే, కాగితం ముక్క ఉండదు

సగం నిజం. ధర కుదిరాక చేయి కలిపి "మజల్ ఉ బ్రఖా" అంటారు. అదృష్టం, ఆశీర్వాదం అని అర్థం. జైనుడు జైనుడికి అమ్మినా అదే మాట. అన్నాక వెనక్కి పోవడం లేదు. ఐదు నిమిషాల తర్వాత ఇంకొకడు రెట్టింపు ఇస్తానన్నా సరే.

కానీ దాని చుట్టూ కాగితాలు చాలా ఉంటాయి. అమ్మి పెట్టమని రాళ్లు ఇస్తే మెమో రాస్తారు: ఎన్ని రాళ్లు, ఎంత బరువు, ఎన్ని రోజులు. కొనేవాడు ధర చెబితే ఆ పొట్లాన్ని కవరులో పెట్టి సీల్ చేసి, మీద ధర రాసి సంతకం పెడతారు. దాన్ని కాషే అంటారు. అమ్మేవాడు అవుననో కాదనో తేల్చేదాకా ఆ పొట్లం ఇంకొకరికి చూపించకూడదు. దేశం దాటాలంటే ఆంట్వెర్ప్‌లోని డైమండ్ ఆఫీసులో నిపుణులు విప్పి చూసి, తూచి, విలువ సరిచూడాలి.

చేతి బేరం యూదుల కనిపెట్టుడని కూడా అనుకోకండి. 17వ శతాబ్దంలో దక్కన్ గనులు చూడవచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, ఇక్కడి బేరగాళ్లు గుడ్డ కింద చేతులు పట్టుకుని, ఏ వేలు నొక్కితే ఎంత అన్న లెక్కతో నోరు మెదపకుండా వేలకు వేల సరుకు అమ్ముకోవడం చూసి రాసిపెట్టాడు.

అపోహ: వాళ్ల గొడవలు వాళ్లే తేల్చుకుంటారు, పోలీసుల్ని గడప తొక్కనివ్వరు

డిటెక్టివ్ కథలకు ఇది బాగా పనికొస్తుంది. అందరూ నోరు కట్టేసుకున్న వీధి, బయటివాడైన డిటెక్టివ్.

డబ్బు రాలేదు, రాళ్ల నాణ్యత తేడా వచ్చింది లాంటి తగాదాలు మొదట బోర్స్ (వజ్రాల వర్తకుల ఎక్స్ఛేంజి) మధ్యవర్తుల ముందుకే వెళ్తాయి. చేరేటప్పుడే సభ్యుడు దానికి ఒప్పుకుంటాడు. అది మతపరమైన యూదు న్యాయస్థానం కాదు. తీర్పు చెప్పే బల్ల దగ్గర జైనుడూ ఉండొచ్చు, లెబనాన్ నుంచి వచ్చినవాడూ ఉండొచ్చు. తీర్పు పాటించకపోతే సభ్యత్వం పోతుంది, ఆ కబురు మిగతా దేశాల బోర్స్‌లకూ చేరుతుంది. మా బజారులో పరపతి పోవడమంటే దుకాణం మూసుకోవడమే.

దొంగతనం, హత్య వేరు. వాటికి పోలీసులే. ఆంట్వెర్ప్ పోలీసుల్లో వజ్రాల కేసుల కోసమే ప్రత్యేక విభాగం పనిచేసేది.

1977లో న్యూయార్క్ వజ్రాల బజారైన 47వ వీధిలో ఓ పాతికేళ్ల హసిదిక్ వర్తకుడు లక్షల డాలర్ల రాళ్లతో సహా కనపడకుండా పోయాడు. వారం రోజుల తర్వాత ఆయన శవం అదే వీధిలో, ఓ వజ్రాల కోత పనివాడి ఆఫీసులో బల్ల కింద పెట్టెలో దొరికింది. ఆ కేసులో ఇద్దరికి శిక్ష పడింది. ముసుగు దొంగ కాదు, చీకటి సందు కాదు. పట్టపగలు రాళ్లు చూపించడానికి తెలిసినవాడి గదిలోకి వెళ్లినందుకు పోయింది ప్రాణం. నా దగ్గరికి వచ్చే కేసుల్లోనూ (అవి డబ్బు కేసులేలెండి) మొదట అడిగే ప్రశ్న "తలుపు ఎలా పగిలింది" కాదు, "తలుపు ఎవరికి తెరిచారు" అనేదే.

అపోహ: లూప్ పెట్టి చూస్తే దొంగ వజ్రం తెలిసిపోతుంది

తెలియదు. పదిరెట్లు పెద్దదిగా చూపించే ఆ భూతద్దంలో నాకు కనపడేది లోపలి మచ్చలు, పగుళ్లు, కోత తీరు. యజమాని పేరు కనపడదు. పెద్ద రాళ్ల నడుం మీద లేజర్‌తో రిపోర్టు నంబరు చెక్కి ఉంటుంది. సానచక్రం మీద ఒకసారి తిప్పితే అది పోతుంది. రాయిని మళ్లీ కోస్తే బరువూ కొలతలూ మారతాయి. ఇక చిన్న రాళ్లనయితే వెయ్యి రాళ్ల పార్శిల్‌లో (ఒకే పొట్లంగా అమ్మే రాళ్ల లాటులో) కలిపేశాక దేవుడు దిగొచ్చినా వేరు చేయలేడు. సానపట్టిన రాయిని చూసి ఇది ఫలానా గనిది అని ఖాయంగా చెప్పగల ల్యాబూ లేదు. "గోల్కొండ రాయి" అని చెప్పి ఎక్కువ అడిగేవాళ్లతో జాగ్రత్త. ఆ రాళ్లకు పేరు తెచ్చిన టైప్ 2ఎ (నత్రజని దాదాపు లేని) స్వచ్ఛత దక్షిణాఫ్రికా, లెసోతో రాళ్లలోనూ ఉంటుంది. 2003 జనవరిలో మొదలైన కింబర్లీ ప్రాసెస్ అనే అంతర్జాతీయ ధ్రువీకరణ ఏర్పాటు కూడా ముడి రాళ్లకే. అది యుద్ధాలకు డబ్బు చేకూర్చే వజ్రాల్ని ఆపడానికి పెట్టింది, దొంగల్ని పట్టడానికి కాదు.

మరి కేసు ఎలా తేలుతుంది? ఎక్కువసార్లు అంకెల్లో. ఒక క్లెయిమ్‌లో పార్శిల్ కొన్ననాటి బిల్లులో బరువు, పోయిననాటి రిజిస్టర్‌లో బరువు ఒక్క సెంటు (క్యారెట్‌లో నూరోవంతు) తేడా లేకుండా ఒకటే ఉన్నాయి. చూడ్డానికి ఎంతో నిజాయితీగా ఉంది. కానీ మధ్యలో ఆ పార్శిల్ నుంచి నాలుగుసార్లు రాళ్లు అమ్మినట్టు ఆయన జీఎస్టీ కాగితాలే చెబుతున్నాయి. రిజిస్టర్ మొత్తం ఒకే రోజు కూర్చుని రాశాడన్నమాట.

అపోహ: 2003 ఆంట్వెర్ప్ దొంగతనం యూదు వర్తకులు ఇన్సూరెన్స్ కోసం తామే చేయించుకున్నది

ఇది మాత్రం నన్ను అడగనివాళ్లు లేరు, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

2003 ఫిబ్రవరి 15, 16 తేదీల్లో, శని ఆదివారాల సెలవులో, ఆంట్వెర్ప్ డైమండ్ సెంటర్ భవనం కింద రెండంతస్తుల లోతులో ఉన్న ఖజానా గదిని ఇటలీ దొంగల ముఠా ఖాళీ చేసింది. వందకు పైగా లాకర్లు పగలగొట్టారు. పోయినదాని విలువ 10 కోట్ల డాలర్ల పైమాటే అని అంచనా. తలుపుకి అయస్కాంత సెన్సర్, లోపల వేడినీ కదలికనీ పసిగట్టే పరికరం, అన్నీ ఉన్నాయి. అన్నీ బోల్తా కొట్టాయి.

ముఠా నాయకుడు లియొనార్డో నోటార్‌బార్టోలో అంతకు రెండేళ్ల ముందే అదే భవనంలో వర్తకుడిగా ఆఫీసు అద్దెకు తీసుకున్నాడు. లాకరు తీసుకున్నాడు. రోజూ గుడ్ మార్నింగ్ చెబుతూ ఖజానాలోకి దిగేవాడు. పొరుగువాడిని నమ్మడం మీద నడిచే బజారులో పొరుగువాడిగా చేరడం కంటే మంచి తాళంచెవి ఏముంటుంది?

పట్టించింది చెత్త. ఆంట్వెర్ప్ నుంచి బ్రస్సెల్స్ వెళ్లే ఈ19 హైవే పక్కన అడవిలో తమ చెత్త తగలబెట్టాలని ముఠా ఆగింది. ఒకడికి టెన్షన్ ఎక్కువై అంతా పొదల్లో విసిరేశారు. ఆ నేలను చూసుకునే ఓ రిటైరైన కిరాణా వ్యాపారికి అక్కడ చెత్త వేసేవాళ్లంటే ఒళ్లు మంట. చూసి పోలీసులకు ఫోన్ చేశాడు. అందులో ఆంట్వెర్ప్ వజ్రాల కాగితాలున్నాయని చెప్పేసరికి పోలీసులు పరుగెత్తారు. చింపిన ఇన్వాయిస్ ముక్కలు అతికిస్తే నోటార్‌బార్టోలో పేరు వచ్చింది. సగం తిన్న సలామీ శాండ్‌విచ్ నుంచి డీఎన్‌ఏ దొరికింది. ఏమీ జరగనట్టు ఆ శుక్రవారం భవనానికి తిరిగొచ్చిన నాయకుడు అక్కడే దొరికిపోయాడు. 10 ఏళ్లు శిక్ష పడింది. రాళ్లలో ఎక్కువ భాగం ఇప్పటికీ దొరకలేదు.

మరి ఇన్సూరెన్స్ కథ ఎక్కడిది? సాక్షాత్తూ దొంగ నోటినుంచే. ఒక యూదు వర్తకుడు తనను పెట్టి చేయించాడని, లాకర్లు చాలావరకు ఖాళీగా ఉన్నాయని 2009లో ఓ అమెరికన్ పత్రికకు చెప్పాడు. ఆ వర్తకుడి అసలు పేరు చెప్పలేదు. ఆ మాటను బలపరిచే ఆధారమేదీ కోర్టు ముందుకు రాలేదు, ఏ వర్తకుడి మీదా కేసు పడలేదు. నాకేమనిపిస్తుందంటే, యూరప్‌లో ఎవరైనా వెంటనే నమ్మే విలన్ ఎవరో ఆ దొంగకు బాగా తెలుసు. అంతే.

అపోహ: శుక్రవారం రాత్రి రహస్య బేరాలు

డిటెక్టివ్ కథ రాసేవాళ్లకు ఒక చిన్న మాట. నిష్ఠగా ఉండే యూదు వర్తకుణ్ని శుక్రవారం రాత్రి బేరానికి కూర్చోబెట్టకండి. ఆరోజు సూర్యాస్తమయానికి ముందే షబ్బాత్, అంటే యూదుల వారపు విశ్రాంతి దినం, మొదలవుతుంది. శనివారం చీకటి పడేదాకా డబ్బు ముట్టరు, ఫోన్ ఎత్తరు, దీపం వెలిగించరు. ఊరి చుట్టూ ఎరూవ్ అనే హద్దు ఉంటే ఇంట్లో వస్తువులు వీధిలోకి పట్టుకెళ్లొచ్చు గానీ, అమ్మకపు సరుకును అసలు తాకకూడదు.

ఇది నాకు పుస్తకాల్లో తెలిసింది కాదు. డిసెంబరులో ఒక శుక్రవారం, మధ్యాహ్నం 3 గంటలు. ఓ హసిదిక్ పెద్దాయన, డెబ్బై దాటిన దలాల్, ఉదయం చూపించడానికి తీసుకెళ్లిన పార్శిల్ తిరిగి తెచ్చాడు. 62 రాళ్లుండాలి. లెక్కపెడితే 61. పోయింది 15 సెంట్ల రాయి. మళ్లీ లెక్కపెట్టాం. నేలంతా ఊడ్చాం. మా సేఠ్ ఏమీ అనలేదు గానీ, ఆయన చూపు పెద్దాయన కోటు జేబుల మీదికి పోవడం నేను చూశాను, పెద్దాయనా చూశాడు. జేబులన్నీ బల్ల మీద బోర్లించాడు: దువ్వెన, ట్రామ్ టికెట్లు, ప్రార్థన పుస్తకం. "కాగితం చూడండి" అని ఒక్కమాట అని, గడియారం చూసుకుని వెళ్లిపోయాడు. ఆ వేళకే వీధి సగం ఖాళీ.

5 గంటలకు నేను పొట్లం పూర్తిగా విప్పి దీపానికి అడ్డంగా పెట్టాను. లోపలి నీలి కాగితం మడత దగ్గర చిన్న చీలిక. రాయి రెండు పొరల మధ్యకు జారి కూర్చుంది. సేఠ్ ఫోన్ చేశాడు, ఎవరూ ఎత్తలేదు. మళ్లీ చేశాడు. "ఎత్తరు భాయ్, షబ్బాత్ మొదలైపోయింది" అన్నాను. ఆయన ఆ రాత్రీ, మర్నాడు పగలంతా, ఎవరి ముఖమూ చూడలేదు.

శనివారం చీకటి పడ్డాక ఫోన్ కలిసింది. సేఠ్ క్షమాపణ మొదలుపెట్టాడు. పెద్దాయన పూర్తి చేయనివ్వలేదు. "పాత కాగితాలు ఎందుకు దాస్తారు, కొత్త డబ్బా కొనండి" అని, సోమవారం 10 గంటలకు ఆ పార్శిల్ చూడ్డానికి ఇంకో గిరాకీని తెస్తున్నానని చెప్పి పెట్టేశాడు.