పునీత బోనిఫాస్: అపోహలు – వాస్తవాలు

అపోహ: చేరిన మఠంలోనే ఉంటానని మాట ఇచ్చిన బెనెడిక్టైన్ (పునీత బెనెడిక్ట్ నియమం పాటించే) సన్యాసి మిషనరీగా బయల్దేరితే ఆ మాట తప్పినట్టే.

వాస్తవం: చేరిన మఠంలోనే స్థిరంగా ఉండాలన్నది బెనెడిక్ట్ నియమమే. అయితే మఠాధిపతి సమ్మతిస్తే బయటికి వెళ్లవచ్చు. ఇంగ్లండ్‌లోని నర్స్‌లింగ్ మఠంలో పాఠాలు చెప్పే విన్‌ఫ్రిత్ (తర్వాత బోనిఫాస్ అయింది ఈయనే) 716లో అలాగే ఫ్రీసియా (ఇప్పటి నెదర్లాండ్స్ తీర ప్రాంతం) వెళ్లారు. అక్కడి రాడ్‌బోడ్ రాజుకూ పొరుగు రాజ్యమేలే ఫ్రాంకులకూ యుద్ధం నడుస్తుండడంతో పని సాగక తిరిగొచ్చారు. 719లో పోపు రెండో గ్రెగరీ ఆయనకు బోనిఫాస్ అని పేరు పెట్టి పంపారు.

అపోహ: జర్మనీలోని గైస్మార్‌లో, అక్కడివాళ్లు కొలిచే ఉరుముల దేవుడు దోనార్ పేరిట ఉన్న ఓక్ చెట్టును బోనిఫాస్ ఒంటరిగా నరికేశారు, దాంతో జనమంతా మారిపోయారు.

వాస్తవం: విలిబాల్డ్ రాసిన జీవితచరిత్ర ప్రకారం చిన్న గాటు పడగానే చెట్టు గాలికి కూలి నాలుగు ముక్కలైంది. ఆ కలపతోనే పునీత పేతురు పేరిట ప్రార్థనాలయం కట్టారు. క్రిస్మస్ చెట్టు అక్కడే పుట్టిందనే ఊసు ఆ జీవితచరిత్రలో లేదు, అది తర్వాతివాళ్లు అతికించింది. ఆ గొడ్డలికి వెనక బలం వేరే ఉంది: 722 నవంబరు 30న రోములో జరిగిన బిషప్ అభిషేకం, ఫ్రాంకుల పాలకుడు చార్లెస్ మార్టెల్ ఇచ్చిన రక్షణ లేఖ. ఫ్రాంకు పాలకుడి అండ లేకపోతే గురువులను (క్రైస్తవ పూజారులను) కాపాడలేననీ, అన్యారాధనను ఆపలేననీ బోనిఫాసే తర్వాత వించెస్టర్ బిషప్ డేనియల్‌కు రాశారు. అంతకుముందు డేనియల్ ఆయనకిచ్చిన సలహా: వాళ్ల దేవుళ్లను దూషించొద్దు, ఆ దేవుళ్లు ఎలా పుట్టారో నెమ్మదిగా అడుగుతూ ఆలోచింపజెయ్యి. పండగ ప్రసంగాల్లో ఈ ఉత్తరాలను వదిలేసి గొడ్డలినే పట్టుకోవడం బాధ కలిగిస్తుంది.

అపోహ: జర్మనీకి మొదట సువార్త తెచ్చింది ఆయనే.

వాస్తవం: హెస్సే, తురింగియా, బవేరియాల్లో అప్పటికే క్రైస్తవులున్నారు. లేనిది కట్టుబాటు. బవేరియాలో లాటిన్ సరిగా రాని గురువొకరు 'తండ్రి, కుమారుల పేరిట' అనే లాటిన్ మాటలను తప్పుగా 'ఇన్ నోమినే పాత్రియా ఎత్ ఫిలియా' అంటూ జ్ఞానస్నానం ఇచ్చేవారు. బోనిఫాస్ మళ్లీ ఇవ్వాలన్నారు. తప్పు భాషలోనే గాని విశ్వాసంలో లేదు, మళ్లీ అక్కర్లేదని పోపు జకరియా 746లో తేల్చారు. అంతకుముందే, 739లో, బోనిఫాస్ బవేరియాను సాల్జ్‌బర్గ్, ఫ్రైసింగ్, రేగెన్స్‌బర్గ్, పస్సావు మేత్రాసనాలుగా (ఒక్కో బిషప్ కింద ఉండే ప్రాంతాలుగా) సర్దారు. ఆయన 732లోనే ఆర్చ్‌బిషప్ అయినా మైన్జ్ పీఠం దక్కింది 740ల మధ్యలో.

అపోహ: చివరి క్షణంలో తలకు అడ్డుపెట్టుకున్నది జర్మనీలోని ఫుల్డాలో ఉన్న కత్తిగాట్ల పుస్తకమే.

వాస్తవం: 754 జూన్ 5న ఫ్రీసియాలోని డొక్కుమ్ దగ్గర, కొత్త విశ్వాసులకు భద్రమైన అభ్యంగనం (జ్ఞానస్నానం పొందినవారిని విశ్వాసంలో స్థిరపరిచే సంస్కారం) ఇవ్వాల్సిన రోజున, దుండగులు ఆయన్నీ 50 మందికి పైగా సహచరులనూ చంపారు. బంగారం కోసం పెట్టెలు పగలగొడితే పుస్తకాలు బయటపడ్డాయి. ఫుల్డా ప్రతిపై గాట్లు నిజమే. కానీ ఆయన తలపై పట్టుకున్నది సువిశేష గ్రంథమని పాత కథనం. ఫుల్డా ప్రతిలో ఇసిదోరు రచన, పోపు లియో లేఖ లాంటివి ఉన్నాయి, సువిశేషాలు లేవు.