బోల్ట్ యాక్షన్ రైఫిల్‌కి కొత్త స్టాకు: అపోహలు - వాస్తవాలు

డాలస్ దగ్గర ఒక గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసే) షాపులో 11 ఏళ్లుగా రైఫిళ్లకు స్టాకులు (బ్యారెల్‌ని, మిగతా లోహ భాగాల్ని పట్టుకుని భుజానికి ఆనే భాగం) అమర్చడం, అందులో లోహ భాగం కదలకుండా కూర్చునేలా బెడ్డింగ్ చేయడం నా పని. ఈ మధ్య ఫ్రిస్కో, ఇర్వింగ్ వైపు నుంచి మన తెలుగువాళ్లు కూడా బాగానే వస్తున్నారు. అడవి పందుల వేటకో, రేంజ్‌లో కాగితం మీద కాల్చుకోవడానికో ఒక రెమింగ్టన్ 700 బోల్ట్ యాక్షన్ రైఫిల్ (ప్రతి తూటాకీ బోల్ట్‌ని చేత్తో లాగి తోసేది) కొంటారు, ఆరు నెలలు తిరక్కుండానే "అన్నా, స్టాకు మారుద్దామనుకుంటున్నా, ఏది మంచిది?" అని ఫోన్ చేస్తారు. ఏది మంచిదో చెప్పేముందు, ఎక్కడో విని బుర్రలో పెట్టుకున్న మాటల్ని కొన్ని తీసేయాల్సి వస్తోంది. అడిగిన ప్రతివాళ్లకీ విడివిడిగా చెప్పేదే ఇక్కడ ఒకేచోట రాస్తున్నా.

అపోహ: స్టాకు మారిస్తే గ్రూపు (కాగితం మీద తూటాలు పడ్డ చోట్ల మధ్య దూరం) సగానికి తగ్గిపోతుంది.

తగ్గచ్చు, కానీ పాత స్టాకే తప్పు చేస్తుంటే మాత్రమే. బుల్లెట్ ఎక్కడ పడాలో ప్రధానంగా తేల్చేది బ్యారెల్, తూటా, ట్రిగ్గర్ మీద మీ వేలు. స్టాకు చేయాల్సిందల్లా యాక్షన్‌ని (బోల్ట్, ట్రిగ్గర్ ఉండే లోహ భాగం) ప్రతి షాట్‌కీ ఒకే చోట, ఒకే ఒత్తిడితో పట్టుకుని కూర్చోవడం. చవక ప్లాస్టిక్ స్టాకుల్లో ముందు భాగం మెత్తగా ఉంటుంది. బైపాడ్ (రెండు కాళ్ల స్టాండు) మీద పెట్టి కాస్త ముందుకు ఆనగానే అది వంగి బ్యారెల్‌కి తగులుతుంది. ఒకసారి తగిలి ఇంకోసారి తగలకపోతే గ్రూపు చెదురుతుంది. ఇది కనిపెట్టడానికి పైసా ఖర్చు లేదు: రైఫిల్ ఖాళీగా ఉందని చూసుకుని బైపాడ్ మీద పెట్టండి, ఒక డాలర్ నోటుని బ్యారెల్ కిందుగా దూర్చి ముందు నుంచి రికాయిల్ లగ్ (తన్నుడుని స్టాకుకి అందించే లోహపు పలక, మామూలుగా యాక్షన్ ముందు కింద ఉంటుంది) దాకా లాగండి. ఎక్కడైనా పట్టేస్తే అక్కడ తగులుతున్నట్టు. అయితే అన్ని కంపెనీలూ బ్యారెల్‌ని పూర్తిగా తేలేలా వదలవు, కొన్నిట్లో కావాలనే ముందు చివర చిన్న బొడిపెలు పెట్టి బ్యారెల్‌ని కొద్దిగా పైకి నొక్కుతారు, కొన్ని సన్న బ్యారెళ్లు అలాగే బాగా కాలుస్తాయి కూడా. కాబట్టి బొడిపె కనిపించగానే గీకేయొద్దు, ముందు కాల్చి చూడండి. స్టాకు కొనడానికి వచ్చిన వాళ్ల రైఫిళ్లలో స్కోప్ బేస్ స్క్రూలు వదులుగా ఉన్నవి నేను ఎన్ని చూశానో లెక్కలేదు. అవి బిగించి పంపేశాను, స్టాకు అమ్మలేదు.

అపోహ: పెట్టె మీద "రెమింగ్టన్ 700కి" అని ఉంటే చాలు.

చాలదు. 1962లో వచ్చిన రైఫిల్ అది, ఇన్నేళ్లలో దానికి ఎన్నో రూపాలు. ముందు షార్ట్ యాక్షనా, లాంగ్ యాక్షనా తేల్చుకోవాలి. తూటా పొడవుని బట్టి ఉంటుంది అది: .308 తూటా అయితే షార్ట్, .30-06 అయితే లాంగ్. తర్వాత మ్యాగజైన్: ఏడీఎల్‌లో అడుగు మూసే ఉంటుంది, బీడీఎల్‌లో కింద తెరుచుకునే మూత ఉంటుంది, డీఎంలో మ్యాగజైన్ ఊడి వస్తుంది. ఈ మూడింటికీ చెక్కుడు వేరు. ఆపైన బ్యారెల్ లావు, కుడిచేతిదా ఎడమచేతిదా. 700 కొలతలనే అనుసరించే వేరే కంపెనీల యాక్షన్లు చాలా ఉన్నాయి, వాటికి బోల్ట్ హ్యాండిల్ గాడి దగ్గరో బోల్ట్ స్టాప్ దగ్గరో కొంచెం గీకాల్సి రావచ్చు. సావేజ్ 110 కుటుంబంలో అయితే ఏళ్లని బట్టి రెండు యాక్షన్ స్క్రూల మధ్య దూరమే మారింది, స్కేలు పెట్టి కొలవకుండా ఆర్డర్ చేయొద్దు. టిక్కా టీ3 ఉన్నవాళ్లు ఇంకోటి గుర్తుపెట్టుకోండి, దాని రికాయిల్ లగ్ యాక్షన్‌కి ఉండదు, స్టాకులో ఉంటుంది. పాత స్టాకు అమ్మేసి కొత్తది తెప్పించుకుని, లగ్ లేదని నెత్తి పట్టుకున్నవాళ్లు ఉన్నారు.

అపోహ: డబ్బు పెట్టి కొంటే బెడ్డింగ్ అక్కర్లేదు, పెట్టి బిగించేయడమే.

ఈ మాట దగ్గర నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే వెయ్యి డాలర్ల స్టాకు కొని, కాస్త బెడ్డింగ్ చేయించుకోవడం దగ్గర ఆగిపోతారు. మంచి స్టాకు కొలతలు ఎంత కచ్చితంగా ఉన్నా మీ యాక్షన్ అడుగు అచ్చం దానికి తగ్గట్టే ఉండాలని లేదు. ఉందో లేదో ఇలా తెలుస్తుంది: వెనక స్క్రూ బిగించి ఉంచి, ఒక వేలు బ్యారెల్ మీద, ఇంకో వేలు స్టాకు ముందు అంచు మీద ఆనేలా పట్టుకుని, ముందు స్క్రూని నెమ్మదిగా వదులు చేయండి. వేళ్ల కింద బ్యారెల్ లేస్తున్నట్టు తెలిస్తే స్క్రూ ఇన్నాళ్లూ యాక్షన్‌ని వంచి పట్టుకుంది అన్నమాట. షాపులో డయల్ ఇండికేటర్ పెట్టి చూస్తాం, అంగుళంలో వెయ్యోవంతులు రెండు దాటి కదిలితే నేను బెడ్డింగ్ చేయమనే చెబుతాను.

బెడ్డింగ్ అంటే బ్రహ్మవిద్యేం కాదు, ఓపిక. స్టాకులో లగ్ దిగే చోట, వెనక ట్యాంగ్ (యాక్షన్ తోక) దగ్గర పైపొర గీకేసి, డెవ్‌కానో మెరైన్-టెక్సో లాంటి ఎపాక్సీ (గట్టిపడే జిగురు) పెట్టి, దాంట్లో యాక్షన్‌ని కూర్చోబెడతాం. అది గట్టిపడ్డాక యాక్షన్ అడుగు అచ్చు అందులో దిగి ఉంటుంది. లగ్ వెనక ముఖం మాత్రమే ఎపాక్సీని ఆనాలి, అందుకే ముందు, పక్కలు, అడుగు టేపు అంటిస్తాం. స్క్రూ రంధ్రాలూ ట్రిగ్గర్ సందులూ పిల్లలు ఆడుకునే మట్టితో పూడ్చేస్తాం. మిగిలిన ఇనుమంతా రంగులేని బూట్ పాలిష్ రెండు పూతలు. ఈ పూత దగ్గర తొందర పనికిరాదు. నా మొదటి ఏడాదిలో లగ్ మూల దగ్గర వేలెడు చోటు పూయడం మర్చిపోయాను. మర్నాడు యాక్షన్ ఊడి రాలేదు. మొత్తం తీసుకెళ్లి డీప్ ఫ్రీజర్‌లో రాత్రంతా పెట్టి, పొద్దున రబ్బరు సుత్తితో బ్యారెల్ మీద తడితే టప్పున వచ్చింది. స్టాకు పెచ్చు లేచింది, దాన్ని మళ్లీ పూడ్చి పాలిష్ పట్టడానికి రెండు రోజులు పట్టింది.

అపోహ: చెక్క పాతకాలం సరుకు, ఎవరు కొంటారు?

చెక్క తేమకి ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుపోతుంది. వానాకాలంలో మన ఇళ్లలో తలుపులు పట్టేసి, వేసవిలో వదులైపోవడం చూడనివాళ్లు ఉండరు కదా, రైఫిల్ స్టాకులోనూ జరిగేది అదే. అమెరికా మెరైన్లు 1966లో తీసుకున్న ఎం40 స్నైపర్ రైఫిల్‌కి చెక్క స్టాకే. వియత్నాం తేమలో అది వంకర తిరగడంతో, 1970లలో వచ్చిన ఎం40ఏ1కి మెక్‌మిలన్ ఫైబర్‌గ్లాస్ స్టాకు పెట్టారు. 1988లో సైన్యం తీసుకున్న ఎం24లో అయితే స్టాకు లోపలే అల్యూమినియం దిమ్మె ఉంటుంది. ఇంతవరకూ నిజం. కానీ అన్ని వైపులా, ముఖ్యంగా బ్యారెల్ గాడి లోపల కూడా, సీలర్ పట్టించి పిల్లర్లు (స్క్రూల చుట్టూ లోహపు గొట్టాలు) వేసిన మంచి వాల్‌నట్ స్టాకు ఏడాదికి పది రోజులు వేటకెళ్లేవాడికి హాయిగా జీవితకాలం వస్తుంది. పలచని చెక్క పొరలు అంటించి చేసే లామినేట్ ఇంకా నిలకడ, బరువు మాత్రం కాస్త ఎక్కువ. హ్యూస్టన్ నుంచి కిందికి, సముద్రం వైపు ఉండేవాళ్లకి నేను ఫైబర్‌గ్లాసే చెబుతాను.

అపోహ: ఎంత తేలికైతే అంత గొప్ప.

కొండలెక్కేవాడికి అవును. బెంచ్ మీద కూర్చుని రోజుకి నలభై తూటాలు కాల్చేవాడికి కాదు. అదే తూటాతో ఏడున్నర పౌన్ల రైఫిల్‌ని తొమ్మిది పౌన్లకు పెంచితే తన్నుడు శక్తి దాదాపు 17 శాతం తగ్గుతుంది.

అపోహ: సైజు అందరికీ ఒకటే, అదేం చొక్కానా?

చొక్కా కంటే ముఖ్యం. మన వాళ్లకి నేను అన్నిటికంటే ముందు చెప్పేది ఇదే. ట్రిగ్గర్ నుంచి స్టాకు చివరి దాకా ఉండే దూరాన్ని లెంగ్త్ ఆఫ్ పుల్ అంటారు. షాపుల్లో దొరికే చాలా రైఫిళ్లలో అది 13.5 అంగుళాలకు అటూ ఇటూ ఉంటుంది. ఐదడుగుల నాలుగు, ఐదడుగుల ఐదంగుళాల మనిషికి, ఆడవాళ్లకి, పదిహేనేళ్ల పిల్లలకి అది చాలాసార్లు పొడుగు. పొడుగైతే ఏం చేస్తారంటే మెడ సాచి, స్కోప్‌లో పూర్తి బొమ్మ కనిపించే దాకా ముఖం ముందుకు పెడతారు, భుజం మీద స్టాకు సరిగ్గా ఆనదు, కాల్చగానే స్కోప్ అంచు వచ్చి కనుబొమ మీద కొడుతుంది. మొన్న నవంబర్‌లో ఒక తమ్ముడు కనుబొమ మీద మూడు కుట్లతో వచ్చాడు. స్కోప్ మారుద్దామని అడిగాడు. రైఫిల్ భుజానికి పెట్టమన్నాను, కొలిచాను, ముప్పావు అంగుళం ఎక్కువ. స్కోప్ జోలికి వెళ్లలేదు. రబ్బరు ప్యాడ్ తీసి స్టాకు కోసి మళ్లీ ప్యాడ్ వేశాను, అంతే.

ఇంట్లో చూసుకోవాలంటే మోచేయి తొంభై డిగ్రీలు మడిచి, మోచేయి లోపలి మడత నుంచి చూపుడువేలి మొదటి కణుపు మధ్య దాకా కొలవండి. సుమారు లెక్క అది. చలికాలం జాకెట్ వేసుకుని కాల్చేవాళ్లు అర అంగుళం తగ్గించుకోవచ్చు. ఇంక చెంప ఎత్తు. కళ్లు మూసుకుని రైఫిల్ భుజానికి పెట్టి, చెంప స్టాకు మీద వదిలేసి, అప్పుడు కళ్లు తెరవండి. స్కోప్ నిండా బొమ్మ కనిపించాలి. గడ్డం ఎత్తి వెతుక్కోవాల్సి వస్తే స్టాకు పలక మీకు కిందికి ఉన్నట్టు, ముందు అద్దం 50 ఎంఎం ఉండే పెద్ద స్కోప్‌లు ఎత్తుగా బిగించినవాళ్లందరిదీ ఇదే కథ. ఒలింపిక్ రైఫిల్ షూటర్ల స్టాకు చూడండి, చెంప పలకా భుజం పలకా అన్నీ జరుపుకునేవే. 2012 లండన్‌లో కాంస్యం తెచ్చిన మన హైదరాబాద్ గగన్ నారంగ్ ఆడిన పోటీలో మిల్లీమీటరు కూడా సర్దుకుంటారు. డబ్బు పరిమితంగా ఉంటే కార్బన్ ఫైబర్ మానేసి, చెంప పలక, పొడుగు సర్దుకునే సౌకర్యం ఉన్న మామూలు స్టాకు తీసుకోండి.

అపోహ: చాసిస్ అయితే కళ్లు మూసుకుని కొనొచ్చు.

చాసిస్ అంటే స్టాకు బదులు వాడే లోహపు చట్రం. అల్యూమినియం చాసిస్‌లో చాలావాటికి బెడ్డింగ్ లేకుండానే పని జరుగుతుంది, ఏఐసీఎస్ రకం ఊడదీసే మ్యాగజైన్లు పడతాయి, అన్నీ సర్దుకోవచ్చు. పోటీలకు నేనూ అదే వాడతాను. కానీ జనవరి పొద్దున పొలంలో దాన్ని చెంపకి ఆనించి చూడండి, లోహం చల్లదనం తెలుస్తుంది. భుజాన వేసుకుని మూడు మైళ్లు నడిస్తే బరువూ తెలుస్తుంది.

అపోహ: స్టాకుకి కూడా లైసెన్సు కావాలి. లేదా దీనికి తిరగేసి: స్టాకే కదా, ఊరెళ్లేటప్పుడు మామయ్యకి సూట్‌కేసులో పట్టుకెళ్లొచ్చు.

అమెరికా ఫెడరల్ చట్టంలో తుపాకీ అంటే రిసీవర్ (యాక్షన్ గూడు), స్టాకు కాదు. ఇంటికే తెప్పించుకోవచ్చు. హెచ్1బి మీద ఉన్నవాళ్లకి అసలు రైఫిల్ ఉంచుకోవడమే మామూలుగా నిషేధం, చెల్లుబాటయ్యే వేట లైసెన్సు లాంటి మినహాయింపులు ఉన్నాయి, అది ముందు సరిచూసుకోండి. సూట్‌కేసు మాట మాత్రం మర్చిపోండి. భారత ఆయుధ చట్టం 1959 ప్రకారం ఆయుధాల విడిభాగాలు కూడా ఆయుధాల కిందికే వస్తాయి.

అపోహ: స్క్రూలు ఎంత బిగిస్తే అంత మంచిది.

లోపల అల్యూమినియం దిమ్మె లేదా పిల్లర్లు ఉంటే సాధారణంగా 65 అంగుళ-పౌన్లు, ఉత్త చెక్కకీ ప్లాస్టిక్‌కీ 35 నుంచి 45, తయారీదారు వేరే చెబితే అదే. టార్క్ రెంచి కొనండి. కొత్త స్టాకు మందం వేరు కాబట్టి పాత స్క్రూలు పొడుగవ్వచ్చు, ముందు స్క్రూ కొన పైకి పొడుచుకొచ్చి బోల్ట్ లగ్‌కి తగిలితే బోల్ట్ మూసుకోదు. అందుకని బిగించాక బోల్ట్ వేసి తీసి చూడండి, హ్యాండిల్ గాడిలో పూర్తిగా దిగిందా, ట్రిగ్గర్ ఎక్కడా స్టాకుకి రాసుకోకుండా వెనక్కి వస్తోందా అని చూడండి. తూటా లేకుండా, సేఫ్టీ పెట్టి ట్రిగ్గర్ లాగి, వదిలి, సేఫ్టీ తీసి చూడండి, ఫైరింగ్ పిన్ క్లిక్‌మని పడకూడదు. సేఫ్టీ లివర్ స్టాకు అంచుకి రాసుకుంటున్న రైఫిల్‌ని నేను ఆ రోజు ఇంటికి పంపను, మర్నాడే వేట ఉందని ఎంత బతిమాలినా సరే.